రిమోట్‌కు నాడి చూద్దాం

టీవీ మాట విననప్పుడు మన ఇళ్లలో రిమోట్‌కు జరిగే వైద్యం దాదాపు ఒకటే. అరచేతిలో వేసి రెండు దెబ్బలు కొడతారు. లొంగకపోతే వెనక మూత తీసి సెల్స్‌ను బొటనవేలితో గుండ్రంగా తిప్పుతారు. ఆపైన ఇటుది అటు, అటుది ఇటు మార్చి వేస్తారు. వీటిని తెలియనితనమని తీసిపారేయడానికి లేదు. సెల్ కొసకూ స్ప్రింగుకూ మధ్య పలచటి ఆక్సైడు పొర పేరుకుంటుంది. కరెంటుకు అది అడ్డం. సెల్‌ను తిప్పితే ఆ పొర గీసుకుపోయి లోహానికి లోహం తగులుతుంది. అందుకే కొత్త సెల్స్ వేయకుండానే రిమోట్ మళ్లీ నాలుగు రోజులు నడుస్తుంది. దెబ్బ సంగతి వేరు. పక్కకు జరిగిన సెల్‌ను అది చోటికి తేగలదు, కానీ లోపల పింగాణీతో చేసిన పెళుసు భాగం ఒకటి ఉంటుంది. దాన్ని పగలగొట్టనూ గలదు. ఆ భాగం దగ్గరికి తర్వాత వద్దాం.

ఈ అధ్యాయంలో చెప్పదలచింది ఒక్కటే. ‘రిమోట్ పోయింది’ అన్నది రోగం పేరు కాదు, లక్షణం. సెల్ దగ్గర మొదలై టీవీ లోపలి చిప్ దాకా సాగే దారిలో ఎక్కడ తెగినా పైకి కనిపించే లక్షణం అదే. మనం చేసే ప్రతి పరీక్షా ఆ దారిలో ఒక ముక్కనే చూస్తుంది. ఏ ముక్కను చూస్తోందో, దేన్ని చూడలేకపోతోందో తెలిస్తే, చెత్తబుట్టకు పోవాల్సిన రిమోట్లు చాలా బతుకుతాయి.

దారి ఎలా ఉంటుందో ముందు చూద్దాం. 1800లో ఇంగ్లండ్‌లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టి వేడి కొలిచాడు. ఎరుపు దాటిన తర్వాత, కంటికి ఏ వెలుగూ కనిపించని చోట, థర్మామీటరు ఇంకా ఎక్కువ వేడి చూపించింది. పరారుణ కిరణాలు మనిషికి తెలిసింది అలా. మన రిమోట్ ముక్కు దగ్గర ఉండే ఎల్ఈడీ ఆ కిరణాలనే వెదజల్లుతుంది. వాటి తరంగదైర్ఘ్యం చాలా రిమోట్లలో 940 నానోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. మన కంటికి 700 దాటాక దాదాపు చీకటే. 940 ప్రాంతాన్ని ఎంచుకోవడం వల్ల ఒక లాభం ఉంది. గాలిలోని నీటి ఆవిరి సూర్యకాంతిలోంచి సరిగ్గా ఆ భాగాన్ని కొంత పీల్చేస్తుంది కాబట్టి ఎండ గొడవ అక్కడ కాస్త తక్కువ.

ఎండ గొడవ అని ఊరికే అనలేదు. 1955లో అమెరికాలో జెనిత్ కంపెనీ ఫ్లాష్-మాటిక్ అనే రిమోట్‌ను అమ్మింది. యూజీన్ పోలీ తయారుచేసిన ఆ పరికరం మామూలు వెలుగుతోనే పనిచేసేది. టీవీ తెర నాలుగు మూలల్లో కాంతిని పసిగట్టే సెల్స్ ఉండేవి, ఏ మూలకు వెలుగు కొడితే ఆ పని జరిగేది. కిటికీలోంచి ఎండ పడినా టీవీ తన పాటికి తాను చానల్ మార్చేసేది. మరుసటి ఏడాదే అదే కంపెనీలో రాబర్ట్ ఆడ్లర్ వెలుగును వదిలేసి, మన చెవికి అందని అతిధ్వనిని పట్టుకున్నాడు. మీట నొక్కితే లోపల చిన్న సుత్తి ఒక అల్యూమినియం కడ్డీని కొట్టేది. సెల్స్ అవసరమే లేదు! దానికీ లోపం ఉంది. లోహపు వస్తువులు గలగలమన్నప్పుడు పుట్టే అతిధ్వనిని కూడా టీవీ ఆజ్ఞ అనుకునేది. రిమోట్లు పరారుణ కిరణాలకు మళ్లింది 1970ల చివర్లో, 1980ల్లో.

వెలుగైనా శబ్దమైనా చిక్కు ఒకటే. గదిలో ఉన్న రద్దీలోంచి తనకు ఉద్దేశించిన సంకేతాన్ని టీవీ ఏరుకోవాలి. తిరునాళ్ల గోలలో తల్లి తన బిడ్డ గొంతును పట్టుకున్నట్టు రిసీవర్ ఒక్క లయనే పట్టుకుంటుంది. ఆ లయ చాలా రిమోట్లలో సెకనుకు 38,000 మిణుకులు, అంటే 38 కిలోహెర్ట్జ్. ఫిలిప్స్ వారి ఆర్‌సీ-5 పద్ధతిలో 36, సోనీ పద్ధతిలో 40. ఎండ మిణుకదు, నిలకడగా ఉంటుంది. మామూలు ఫిలమెంటు బల్బు సెకనుకు వంద సార్లే మిణుకుతుంది. రిసీవర్ లోపలి వడపోత వీటిని తోసేసి 38 కిలోహెర్ట్జ్ దగ్గరి వాటినే లోనికి రానిస్తుంది.

ఆ మిణుకులు కూడా ఏకధాటిగా సాగవు. గుంపులు గుంపులుగా, మధ్య మధ్య విరామాలతో వస్తాయి. చాలా పద్ధతుల్లో అర్థం దాగి ఉండేది ఆ విరామాల నిడివిలో. ఎక్కువగా కనిపించే ఎన్ఈసీ పద్ధతిలో ముందు 9 మిల్లీసెకన్ల పొడవైన మిణుకుల గుంపు వస్తుంది, తర్వాత 4.5 మిల్లీసెకన్ల నిశ్శబ్దం. ఆ తర్వాత 32 బిట్లు. మొదటి ఎనిమిది ఇది ఏ పరికరానికి అన్నది చెబుతాయి, వెంటనే అవే ఎనిమిది తలకిందులుగా వస్తాయి. తర్వాత ఎనిమిది ఏ పని చేయాలో చెబుతాయి, మళ్లీ అవే తలకిందులుగా. రెండూ పొసగకపోతే టీవీ ఆ ఆజ్ఞను పట్టించుకోదు. ఇంత సరంజామా 68 మిల్లీసెకన్లలో ముగుస్తుంది. తప్పుడు ఆజ్ఞను పాటించడం కంటే ఏమీ చేయకుండా ఉండటమే నయమన్న సూత్రం మీద ఇది నడుస్తుంది. అందుకే రిమోట్ సగం పాడైనా మనకు కనిపించేది టీవీ మౌనమే.

ఇక పరీక్షలు. అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న జబ్బు రిమోట్‌దా, టీవీదా అని. టీవీ ఒంటిమీద ఉన్న మీటలు నొక్కి చూడండి. అదే మోడల్ రిమోట్ పక్కింట్లో ఉంటే తెచ్చి నొక్కండి. దానికీ టీవీ పలకకపోతే మీ రిమోట్ నిర్దోషి కావచ్చు. రిసీవర్ ముందున్న నల్లటి ప్లాస్టిక్ కిటికీ మీద దుమ్మో, స్టిక్కరో, అలంకరణ వస్తువో అడ్డుందేమో చూడాలి. సెట్‌టాప్ బాక్సుకూ టీవీకీ రెండు రిమోట్లున్న ఇళ్లలో ఏది దేనిదో కలగాపులగం కావడం కూడా మామూలే.

తర్వాతది ఫోన్ కెమెరా. రిమోట్ ముక్కును కెమెరాకు ఎదురుగా పెట్టి మీట నొక్కితే తెర మీద ఊదా రంగులోనో, తెల్లగానో ఎల్ఈడీ వెలిగి ఆరుతూ కనిపిస్తుంది. కెమెరాలో ఉండేది సిలికాన్ సెన్సర్. దానికి సుమారు 1,100 నానోమీటర్ల దాకా చూపు ఉంది. ఫొటోల్లో రంగులు చెడకుండా కంపెనీలు దాని ముందు పరారుణాన్ని ఆపే వడపోత పెడతాయి. వెనక కెమెరాల్లో ఈ వడపోత గట్టిగా ఉంటుంది, సెల్ఫీ కెమెరాల్లో చాలాసార్లు కాస్త వదులుగా ఉంటుంది. కాబట్టి వెనక కెమెరాలో ఏమీ కనబడకపోతే ముందు కెమెరాతో చూడాలి, లైట్లు ఆపి చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, బాగా పనిచేస్తున్న వేరే రిమోట్‌ను మొదట ఆ కెమెరా ముందు నొక్కి చూడాలి. ఆ రిమోట్ వెలుగు కూడా కనిపించకపోతే లోపం మీ కెమెరా చూపులో ఉంది, రిమోట్‌లో కాదు. తెలిసిన దానితో పోల్చకుండా తెలియనిదాని మీద తీర్పు చెప్పకూడదన్నది ప్రయోగశాలలో మొదట నేర్పే పాఠం. వంటింట్లోనూ వరండాలోనూ అదే పాఠం చెల్లుతుంది.

వెలుగు కనిపించిందనుకుందాం. దాని అర్థమేమిటి? సెల్స్‌లో కొంతైనా ప్రాణముంది, ఆ మీట తగులుతోంది, చిప్ కదిలింది, ఎల్ఈడీ బతికే ఉంది. అంతవరకే. ఆ మిణుకులు 38 కిలోహెర్ట్జ్‌లోనే ఉన్నాయో లేదో, కోడు సరైనదో కాదో కెమెరా చెప్పలేదు. సెకనుకు ముప్పై, అరవై బొమ్మలు తీసే పరికరానికి అంత వేగం అందదు. వెలుగు కనిపించకపోయినా తీర్పు వెంటనే ఇవ్వకూడదు. ఇప్పటి స్మార్ట్ టీవీల రిమోట్లు చాలా బ్లూటూత్‌తో మాట్లాడతాయి. వాటిలో కొన్నింటికి ఆన్ మీట ఒక్కటే పరారుణంతో పనిచేస్తుంది, మిగతావి నొక్కితే కెమెరాలో చీకటే కనిపిస్తుంది. అది ఆరోగ్యమే.

ఏ మీటా నొక్కకముందే ఎల్ఈడీ మిణుకుతూ కనిపిస్తే అది చాలా విలువైన ఆధారం. ఏదో ఒక మీట లోపల నొక్కుకుని ఇరుక్కుపోయింది. టీ ఒలికినప్పుడో, సోఫా సందులో రిమోట్ నలిగినప్పుడో ఇలా జరుగుతుంది. చిప్ ఆ ఇరుక్కున్న మీట కోడునే పంపుతూ ఉంటుంది కాబట్టి మిగతా మీటలేవీ పనిచేయవు. సెల్స్ కూడా చూస్తుండగానే అయిపోతాయి. ‘ఈ రిమోట్ సెల్స్ తినేస్తోంది’ అనే ఫిర్యాదు వెనక తరచుగా ఉండేది ఇదే.

సెల్స్ మాట వచ్చింది కాబట్టి మల్టీమీటర్ గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. ఊరికే ముల్లులు ఆనిస్తే నీరసించిన సెల్ కూడా 1.4 వోల్టులు చూపిస్తుంది. చూసినవాళ్లు సెల్ బాగానే ఉందని పక్కన పెట్టేస్తారు. కానీ రిమోట్ ఎల్ఈడీ మిణికే క్షణంలో వంద మిల్లీఆంపియర్లు, కొన్నింటిలో అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది. ముసలి సెల్ లోపలి నిరోధం పెరిగి ఉంటుంది కాబట్టి ఆ క్షణానికి దాని వోల్టేజి కూలిపోతుంది. సరైన పరీక్ష బరువు పెట్టి చూడటం. సెల్ రెండు కొసల మధ్య 10 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి, అప్పుడు వోల్టేజి కొలవాలి. 1.2 కంటే బాగా కిందికి జారితే ఆ సెల్ గోడ గడియారానికి పనికొస్తుంది, రిమోట్‌కు కాదు. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ కలిపి వేస్తే పాతది ముందే ఖాళీ అయి కారడం మొదలుపెడుతుంది. రెండూ ఒకేసారి మార్చాలి.

కారిన సెల్ రిమోట్లకు పెద్ద శత్రువు. ఆల్కలైన్ సెల్ లోపలుండేది పొటాషియం హైడ్రాక్సైడ్, అది క్షారం. బయటికొచ్చి గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి తెల్లటి పొడిగా గడ్డకడుతుంది. దానికి నిమ్మరసమో వెనిగరో తడిపిన దూది సరైన మందు. చవకగా దొరికే జింక్-కార్బన్ సెల్స్ కారితే వచ్చేది ఆమ్ల గుణమున్న ద్రవం. దానికి వంటసోడా కలిపిన నీళ్లు వాడాలి. ఏది వాడినా తర్వాత మంచినీళ్ల తడితో తుడిచి, బాగా ఆరనిచ్చి, స్ప్రింగునూ పలకనూ సన్నటి గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాలి. ఇదంతా చేతికి తొడుగు వేసుకునే చేయాలి.

కొన్ని మీటలే పనిచేయకపోతే కథ మారుతుంది. ఇక్కడ నిదానంగా నిలబడి చూడటం అవసరం, ఎందుకంటే మన దేశంలో రిమోట్లకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం ఈ కోవలోవేనని నా అభిప్రాయం. పైన మనం నొక్కేది ఒకే రబ్బరు పలక. ప్రతి మీట కింద ఆ రబ్బరుకు నల్లటి కార్బన్ బిళ్ల అంటుకుని ఉంటుంది. దాని కింద సర్క్యూట్ బోర్డు మీద రెండు ట్రాకులు, తాకీ తాకనట్టు, దువ్వెన పళ్లలా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి. బిళ్ల పడితే రెండూ కలుస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ సిలికోన్ రబ్బరులోంచి సన్నటి నూనె ఊరి బయటికొస్తుంది. చేతి జిడ్డు, చెమట దానికి తోడవుతాయి. బిళ్ల నిరోధం కొన్ని వందల ఓమ్‌ల నుంచి కిలో ఓమ్‌లకు పెరిగిపోతుంది. మొదట గట్టిగా నొక్కితే పనిచేస్తుంది, తర్వాత ఇంకా గట్టిగా నొక్కాలి, చివరికి దేనికీ పలకదు. సౌండు, చానల్, ఆన్ మీటలు ముందు పోవడానికి కారణం వాడకమే.

పాడైన మీటల జాబితా రాసుకోండి. అవి అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటే జిడ్డు. ఒక వరుసకో నిలువుకో చెందినవన్నీ కలిసి పోతే కారణం జిడ్డు కాదు. నలభై మీటలకు నలభై తీగలు లాగరు. ఎనిమిది అడ్డగీతలు, ఐదు నిలువు గీతలు వేసి, అవి కలిసే చోట్ల మీటలు పెడతారు, పదమూడు తీగలతో పని జరిగిపోతుంది. అందులో ఒక గీత ఎక్కడైనా చిట్లితే దాని మీదున్న మీటలన్నీ ఒకేసారి మూగబోతాయి. అయితే బోర్డు మీద ఒకే గీతకు చెందినవి పైకి పక్కపక్కనే ఉండాలని లేదు. మూత తీసి ట్రాకుల వెంట చూపు నడిపితేగానీ తేలదు.

మూత తీయడం కష్టమైన పనేం కాదు. చాలా రిమోట్లకు స్క్రూలు సెల్స్ గదిలో దాగి ఉంటాయి, లేదా అసలే ఉండవు. పైభాగం, కిందిభాగం అంచుల దగ్గర కొక్కేలతో పట్టుకుని ఉంటాయి. పనికిరాని ఏటీఎం కార్డును ఆ గీతలో దూర్చి నెమ్మదిగా చుట్టూ జరిపితే విడిపోతాయి. స్క్రూడ్రైవరు దూరిస్తే ప్లాస్టిక్ చెడిపోతుంది. తెరిచాక నాకు చాలా ఇష్టమైన పరీక్ష ఒకటుంది. రబ్బరు పక్కన పెట్టి, సెల్స్ వేసి ఉంచి, పనిచేయని మీట కింద ఉన్న రెండు ట్రాకులనూ చిన్న తీగముక్కతో కలపాలి. కెమెరా ఎదురుగా ఉండాలి. మూడు వోల్టులే కాబట్టి మనకు ప్రమాదం లేదు, చిప్‌కూ లేదు. ఎల్ఈడీ మిణికిందంటే చిప్, ట్రాకులు, ఎల్ఈడీ అన్నీ క్షేమం, జబ్బు రబ్బరులోనే ఉంది. మిణకలేదంటే రబ్బరును కడగడం వృథా. దారిని ఒక్క ముక్క తీగతో రెండుగా చీల్చి, తప్పు ఏ సగంలో ఉందో చెప్పే పరీక్ష ఇది.

జబ్బు రబ్బరులో ఉంటే దాన్ని సబ్బునీళ్లతో మెత్తగా కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన దూదితో తుడవాలి. కార్బన్ బిళ్లను గరుకు కాగితంతో గీకకూడదు, ఉన్న పలచటి పొర కూడా ఊడిపోతుంది. అప్పటికే అరిగిపోయిన బిళ్లలకు బజారులో దొరికే కార్బన్ పెయింటు వేయవచ్చు.

ఇక ఆ పింగాణీ భాగం సంగతి. చిప్‌కు లయ అందించేది సెరామిక్ రెసొనేటర్. చాలా పాత రిమోట్లలో అది సెకనుకు 4,55,000 సార్లు కంపిస్తుంది. దాన్ని 12తో భాగిస్తే వచ్చేదే మన 38 కిలోహెర్ట్జ్. రిమోట్ కింద పడిన రోజు నుంచే పనిచేయడం మానేస్తే మొదట అనుమానించాల్సింది దీన్ని, తర్వాత ఎల్ఈడీ కాళ్ల దగ్గరి టంకాన్ని. రెసొనేటర్‌ను పరీక్షించడానికి పాత రేడియో సాయపడుతుంది. మీడియం వేవ్‌లో, స్టేషన్ లేని చోట ముల్లు ఉంచి, రిమోట్‌ను రేడియోకు ఆనించి మీట నొక్కితే గరగరమని చప్పుడు వస్తుంది. 455 కిలోహెర్ట్జ్‌కు రెండింతలైన 910 ఆ పట్టీలోనే పడుతుంది కదా! చప్పుడు వచ్చి, కెమెరాలో వెలుగు రాకపోతే చిప్ బతికే ఉంది, ఎల్ఈడీయో దాన్ని నడిపే ట్రాన్సిస్టరో టంకమో పోయింది. చప్పుడు రాకపోతే మాత్రం ఏ తీర్పూ చెప్పలేం. కొత్త చిప్‌లు చాలా తమ లయను లోపలే పుట్టించుకుంటాయి, వాటికి ఈ రెసొనేటరే ఉండదు.

కెమెరాకు వెలుగు కనిపిస్తోంది, టీవీ మాత్రం కదలదు. అప్పుడు కెమెరా అడగలేని ప్రశ్నను అడిగే పరికరం కావాలి. టీఎస్‌ఓపీ1738 వంటి మూడు కాళ్ల రిసీవర్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో చవకగా దొరుకుతుంది. టీవీలో ఉండేది కూడా ఇలాంటిదే. దానికి 5 వోల్టులిచ్చి, అవుట్‌పుట్ కాలుకూ పాజిటివ్‌కూ మధ్య ఒక మామూలు ఎల్ఈడీ, 1 కిలో ఓమ్ రెసిస్టర్ వరసగా కలిపితే చాలు. సంకేతం అందినప్పుడు ఈ అవుట్‌పుట్ కిందికి దిగుతుంది, ఎల్ఈడీ మిణుకుతుంది. లయ బాగా తప్పిన రిమోట్‌కు ఇది పలకదు. కాళ్ల వరుస ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి కలిపేముందు దాని వివరాల పత్రం తప్పక చూడాలి. అదే రిసీవర్‌ను ఆర్డ్యుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు తగిలిస్తే వచ్చిన కోడును అంకెల్లో చదవవచ్చు. పాఠశాల సైన్స్ క్లబ్బులో పిల్లల చేత చేయించదగిన పని ఇది.

దగ్గరికి వెళితేనే పనిచేసే రిమోట్ మరో రకం. సెల్స్ కొత్తవే అయితే బోర్డు మీదున్న కెపాసిటర్‌ను చూడాలి. ఎల్ఈడీకి క్షణకాలం కావలసిన కరెంటును అందించేది అదే. ఎండిపోతే వెలుగు బలం తగ్గుతుంది. గది వాతావరణాన్నీ మరవకూడదు. సీఎఫ్ఎల్ బల్బుల ఎలక్ట్రానిక్ చోకులు పదుల కిలోహెర్ట్జ్‌లలో మిణుకుతాయి. ఆ రొదలో రిసీవర్ తన చెవిని తానే మందగింపజేసుకుంటుంది. లైట్లన్నీ ఆపి ఒకసారి నొక్కి చూస్తే తేలిపోతుంది.

ఏసీ రిమోట్‌ది ప్రత్యేక స్వభావం. టీవీ రిమోట్ ‘సౌండు ఒక మెట్టు పెంచు’ అని చెబుతుంది. చాలా ఏసీ రిమోట్లు ప్రతి నొక్కుకూ ఉష్ణోగ్రత, ఫ్యాను వేగం, మోడు అన్నీ కలిపి మొత్తం పరిస్థితిని పంపుతాయి. ఆ సందేశం పొడవుగా ఉంటుంది, మధ్యలో ఒక్క బిట్ పోయినా ఏసీ దాన్ని తిరస్కరిస్తుంది. రిమోట్ తెర మీద 24 అని ఉన్నంత మాత్రాన ఏసీ 24లో ఉన్నట్టు కాదు. ఏసీ నుంచి రిమోట్‌కు జవాబు వచ్చే దారే లేదు. ‘బీప్’ వినిపిస్తేనే సందేశం చేరినట్టు.

ఇన్ని చేశాక కూడా కొత్తది కొనక తప్పని రోజు వస్తుంది. పైకి అచ్చుగుద్దినట్టున్న రెండు రిమోట్లలో పరికరం కోడు వేరుగా ఉండవచ్చు. కాబట్టి పాత రిమోట్‌తో పాటు టీవీ మోడల్ నంబరు కూడా దుకాణానికి తీసుకెళ్లండి. ఇంటికొచ్చాక ప్రతి మీటా నొక్కి చూసుకునేదాకా పాతదాన్ని పారేయకండి. పక్కన పెట్టే రిమోట్‌లోంచి సెల్స్ తీసేయండి. బొత్తం సెల్‌తో నడిచే చిన్న రిమోట్లుంటే వాటిని పసిపిల్లలకు అందనివ్వకండి. మింగిన బొత్తం సెల్ రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. అలా జరిగిందని అనుమానం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.